ఇటాలియన్ పాఠం తెలుగులో చెప్పుకుందాం

ఇటలీకి చదువుకోడానికి వచ్చే మన పిల్లలు ఇప్పుడు భాషను ఫోన్లోనే నేర్చుకుంటున్నారు. వీసా చేతికొచ్చిన రోజు మొదలుపెట్టి విమానం ఎక్కేదాకా, ఇక్కడికొచ్చాక మెట్రోలో కాలేజీకి వెళ్తూ, నిమిషం, రెండు నిమిషాల వీడియోలు చూస్తుంటారు. మంచి పనే. నా దగ్గరికి వచ్చేవాళ్ళకు నేనూ చూడమనే చెబుతాను. నా బాధ వేరే. వాళ్ళ ఫోన్లలోకి వచ్చే వీడియోల్లో ఎక్కువభాగం ఇంగ్లీషు మాట్లాడే పర్యాటకుల కోసం తీసినవి. వారం రోజులు తిరిగి వెళ్ళిపోయేవాళ్ళకు అవి సరిపోతాయి. రెండేళ్ళు చదివి, ఉద్యోగం వెతుక్కొని, ఇక్కడే ఇల్లు చూసుకొని బతకాల్సిన తెలుగువాళ్ళకు సరిపోవు. వాళ్ళకు కావలసిన పాఠాలు మనమే తీయాలి, తెలుగులో తీయాలి.

నాది తెనాలి. చదువుకోడానికి తొరీనో వచ్చి ఇక్కడే ఉద్యోగంలో స్థిరపడ్డాను. శనివారం మధ్యాహ్నాలు మా పేట చర్చి హాల్లో కొత్తగా వచ్చిన మనవాళ్ళకు ఇటాలియన్ చెబుతాను. మన పత్రికలు ఈ ఊరిని ట్యూరిన్ అని రాస్తాయి, అది ఇంగ్లీషులో వాడే పేరు. ఊరివాళ్ళు తొరీనో అంటారు, తకారంతో. ఈ తకారం సంగతి కాసేపట్లో చెబుతాను.

వీడియోల మేలు ముందు చెప్పాలి. పుస్తకంలో మాట కనిపిస్తుంది గానీ వినిపించదు. వీడియోలో వినిపిస్తుంది, పెదవుల కదలిక కనిపిస్తుంది, చేతులు కనిపిస్తాయి. ఇటాలియన్లు మాట్లాడేటప్పుడు చేతులతో సగం చెబుతారు కాబట్టి అది చిన్న లాభం కాదు. యూట్యూబ్‌లో ఈజీ ఇటాలియన్ అనే బృందం వీధిలో పోయేవాళ్ళను ఆపి ప్రశ్నలడిగి, వాళ్ళ జవాబులను కింద ఇటాలియన్‌లోనూ ఇంగ్లీషులోనూ వేస్తుంది. స్టూడియోలో నిదానంగా చదివిన వాక్యం వేరు, బస్టాండులో ఒక పెద్దాయన నోటి నుంచి వచ్చే వాక్యం వేరు. ఆ రెండోదానికి చెవి అలవాటు పడాలి. రోమ్ నుంచి లుక్రేజియా అనే టీచరు చెప్పే పాఠాలు మా హాల్లో చాలామంది చూస్తారు, ఆమె ఉచ్చారణ అంత శుభ్రంగా ఉంటుంది. కొంచెం ముందుకు వెళ్ళినవాళ్ళకు పాడ్‌కాస్ట్ ఇటాలియానో అనే ఛానెల్ ఉంది. ఇవన్నీ ఉచితం. హైదరాబాద్‌లో జర్మన్‌కు ఉన్నన్ని క్లాసులు ఇటాలియన్‌కు లేవు. సిద్దిపేటలోనో నరసరావుపేటలోనో ఉన్న పిల్లలకు ఈ వీడియోలు తప్ప వేరే గురువు దొరకడు. అందుకే వాటిని తేలిగ్గా తీసిపారేసే పెద్దల మాట నాకు నచ్చదు.

అయితే ఆ వీడియోలు ఏ ఇటాలియన్ నేర్పుతున్నాయో చూడండి. కాఫీ ఎలా అడగాలి, బిల్లు ఎలా తెప్పించుకోవాలి, టాయిలెట్ ఎక్కడుందో ఎలా కనుక్కోవాలి, ఐస్‌క్రీమ్ రుచుల పేర్లు, కొన్ని ప్రేమ మాటలు, కొన్ని తిట్లు. హోటల్ గది నుంచి రెస్టారెంటు దాకా నడిచే మనిషికి ఇంతకన్నా అక్కర్లేదు. మన పిల్లల మొదటి నెల ఇంకోలా ఉంటుంది. దిగిన 8 పనిదినాల్లోగా పెర్మెస్సో ది సొజ్జోర్నో, అంటే నివాస అనుమతి కోసం దరఖాస్తు పెట్టాలి. పోస్టాఫీసులో దానికో కిట్ ఇస్తారు, అందులో ఫారాలు నింపి 16 యూరోల స్టాంపు అంటించాలి. తర్వాత వేలిముద్రలకు క్వెస్తూరాకు, అంటే పోలీసు కార్యాలయానికి వెళ్ళాలి. పన్నుల సంఖ్య, అద్దె ఒప్పందం, అడ్వాన్సు, కరెంటు బిల్లు, ఇంటి డాక్టరు, కుటుంబ ఆదాయాన్ని బట్టి వచ్చే ప్రాంతీయ స్కాలర్‌షిప్ కాగితాలు అన్నీ ఆ తర్వాత వరసగా వస్తాయి. మునిసిపాలిటీలో నివాసం నమోదు చేయించుకుంటే, నిజంగా అక్కడ ఉంటున్నారా అని చూసుకోడానికి మునిసిపల్ పోలీసు ఇంటికొచ్చి బెల్లు కొడతాడు. కింద ఇంటర్‌కామ్ మీద మన పేరు ఉండాలి, ఆయన అడిగినదానికి జవాబు చెప్పగలగాలి.

ఈ సందర్భాలకు కావలసిన మాటలు పెద్దవేమీ కావు. ఇటలీలో డాక్టరు దగ్గరికి వెళ్ళినా, పోస్టాఫీసుకు వెళ్ళినా, చాలాచోట్ల గదిలోకి అడుగుపెట్టగానే అడిగే మాట ఒకటుంది: ‘కి ఎ లుల్తిమో?’ చివర ఉన్నది ఎవరండీ అని. ఎవరో చెయ్యెత్తుతారు, వాళ్ళ తర్వాత మన వంతు. వరసలో నిలబడరు, కుర్చీల్లో చెదురుగా కూర్చుంటారు, ఆ ప్రశ్న ఒక్కటే వాళ్ళను వరసగా నిలుపుతుంది. ఇది తెలియని పిల్లవాడు మూల నిలబడి, తనకన్నా వెనక వచ్చినవాళ్ళు ముందు లోపలికి వెళ్తుంటే లోకంలో తనకే అన్యాయం జరుగుతోందనుకుంటాడు. పోర్తా పలాత్సో అని మా ఊళ్ళో పెద్ద సంత ఉంది, ఆరుబయట సంతల్లో ఐరోపాలోనే పెద్దవాటిలో ఒకటి. అక్కడ జున్నో ఆలివ్ కాయలో కొనాలంటే గ్రాముల్లో అడగరు, ‘ఎత్తి’లో అడుగుతారు. ఒక ఎత్తో అంటే 100 గ్రాములు. ‘దూయె ఎత్తి’ అంటే 200 గ్రాములు. పనిచేస్తున్న మనిషి దగ్గర సెలవు తీసుకునేటప్పుడు ‘బువొన్ లవోరో’, మీ పని బాగా సాగాలి అని చెప్పి వెళ్తారు. ఈ ఒక్క మాట అంటే కౌంటర్ వెనక ఉన్నవాళ్ళ ముఖం మారిపోవడం నేను ఎన్నోసార్లు చూశాను.

ఒక రాత్రి ఖమ్మం అమ్మాయి ఒకతె ఆసుపత్రి అత్యవసర విభాగం నుంచి నాకు ఫోన్ చేసింది. వచ్చి కొద్ది వారాలే. కడుపులో నొప్పి. నర్సు ఎప్పట్నుంచి అని అడిగింది, ఎక్కడ అని అడిగింది, నొప్పి ఉండుండి వస్తోందా, ఆగకుండా ఉందా అని అడిగింది. ఆ అమ్మాయి రోజూ ఇటాలియన్ వీడియోలు చూసే మనిషి. బాగా చదువుకునే పిల్ల కూడా. ‘అక్కా, ఆవిడ ఏదో అడుగుతోంది, నాకు ఒక్క ముక్కా అందట్లేదు, భయమేస్తోంది’ అంది. ఫోన్ స్పీకర్లో పెట్టించి ఇద్దరికీ మధ్య మాట చేరవేశాను. నర్సు ఓపిగ్గానే ఉంది. ఆ అమ్మాయి తెలివికీ లోటు లేదు. నొప్పి గురించి చెప్పే నిమిషం వీడియో ఆ పిల్లకు ఎదురుపడలేదు, అంతే. ‘మి ఫా మాలె క్వి, దా యేరి సేరా’: ఇక్కడ నొప్పిగా ఉంది, నిన్న సాయంత్రం నుంచి. ఏడు మాటలు. వాటిని విమానం ఎక్కకముందే ఆ పిల్ల నోటికి అందించలేమా?

ఇప్పుడు తకారం. మా హాల్లోకి కొత్తగా వచ్చినవాళ్ళు ‘అన్నీ’ అనే అర్థమున్న మాటను ‘టుట్టో’ అంటారు. అసలు పలుకు ‘తుత్తో’. ఇటాలియన్లో ఉన్నవి మన త, ద లే. పళ్ళను తాకి పలికేవి. ట, డ లు ఆ భాషలో లేవు. తెలుగు పిల్లలకు తుత్తో అనడం పుట్టుకతో వచ్చు. అయినా టుట్టో ఎందుకంటున్నారు? ఇంగ్లీషు అక్షరాలు చూసి చదువుతున్నారు గనుక. టీ అక్షరం కనిపిస్తే మనకు ట పలుకుతుంది, చిన్నప్పట్నుంచి అలా అలవాటైంది. వాళ్ళు చూసే వీడియోలో టీచరు తుత్తో అనే అంటుంది, కింద ఇంగ్లీషు లిపిలో కనిపించే మాట చెవిని కమ్మేస్తుంది. నేను బోర్డు మీద తెలుగులో ‘తుత్తో’ అని రాయగానే మొత్తం గది ఒకేసారి సరిగ్గా అంటుంది. ప్రతి బ్యాచ్‌లోనూ ఇంతే.

ద్విత్వాలదీ ఇదే కథ. ఇటాలియన్లో హల్లు ఒత్తి పలికితే ఒక అర్థం, తేల్చి పలికితే ఇంకో అర్థం. సేతె అంటే దాహం, సెత్తె అంటే ఏడు. పాలా అంటే పార, పల్లా అంటే బంతి. నోనో అంటే తొమ్మిదోది, నొన్నో అంటే తాత. ఇంగ్లీషువాళ్ళకు ఈ తేడా వినడమే కష్టం. వాళ్ళ కోసం తీసిన వీడియోల్లో దీనిమీద పాఠాల మీద పాఠాలు ఉంటాయి. గద, గద్ద వేరువేరని ఊయలలో ఉన్నప్పుడే తెలిసిన మనకు ఆ పాఠాలెందుకు? మన పిల్లలు వాటిని ఓపిగ్గా చూస్తూ, అది తమకూ కష్టమేనేమో అనుకుంటున్నారు. పిజ్జా అనే మాటలో ఉన్నది జ్జ కాదు, చాప, చుక్క అనేటప్పుడు కోస్తాలో పలికే దంత్య చకారం లాంటిది, ఒత్తి పలకాలి: పిత్సా. మన ఓనమాల్లో ఏ పనీ లేకుండా కూర్చున్న ఞ ఇక్కడ రోజూ పనికొస్తుంది. స్నానాల గది బాఞ్ఞో, మనం లసానియా అనేది లసాఞ్ఞా. కొత్తగా నేర్చుకోవాల్సింది ‘ల్యి’కి దగ్గరగా, నాలుక వెడల్పు చేసి పలికే ఒక ధ్వని. దానికి మాత్రం సాధన కావాలి.

తెలుగు ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్ అని మన సభల్లో గర్వంగా చెప్పుకుంటాం. మాటలు అచ్చుతో ముగుస్తాయని దానికి కారణం చెబుతాం. ఆ గర్వాన్ని ఒక్కసారైనా పాఠానికి వాడుకున్నామా? ఇటాలియన్లో చివరి అచ్చులోనే ఉంది అంతా. అమీకో అంటే స్నేహితుడు, అమీకా స్నేహితురాలు, అమీచి స్నేహితులు, అమీకె స్నేహితురాళ్ళు. క్రియ కూడా అంతే: పార్లో, పార్లి, పార్లా. మాట్లాడతాను, మాట్లాడతావు, మాట్లాడతాడు అన్నట్టే. ఎవరు మాట్లాడుతున్నారో క్రియ కొస చెబుతుంది గనుక నేను, నువ్వు అని విడిగా చెప్పనక్కర్లేదు. ‘వెళ్తున్నాను’ అంటే చాలు తెలుగులో, ‘వాదో’ అంటే చాలు ఇటాలియన్లో. ఇంగ్లీషు మీదుగా వచ్చినవాళ్ళు ప్రతి వాక్యానికీ ముందు ‘ఇయో’ తగిలించి నేను నేను నేను అంటుంటారు. తెలుగు చెవి మాట కొస కోసం ఎదురుచూసే చెవి, మన వ్యాకరణమంతా కొసలోనే ఉంది కాబట్టి. ఇటాలియన్‌కు కావలసిన చెవి అదే.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. ఇంగ్లీషులో ‘ఐ లైక్’ అంటారు, ఇష్టపడే మనిషి కర్త. ఇటాలియన్లో ‘మి పియాచె’ అంటారు, నచ్చే వస్తువు కర్త. ఇంగ్లీషు వీడియోల్లో ఈ ఒక్క క్రియను వివరించడానికి టీచర్లు పడే అవస్థ ఇంతా అంతా కాదు, వాక్యాన్ని తలకిందులు చేసి ఆలోచించమంటారు. తెలుగువాళ్ళకు తలకిందులు చేయాల్సిందేముంది? ‘నాకు ఈ పుస్తకం నచ్చుతుంది’, ‘నాకు ఈ పుస్తకాలు నచ్చుతాయి’. వస్తువు బహువచనమైతే క్రియా బహువచనమే: మి పియాచె, మి పియాచ్చొనో. నాకు కావాలి అనడానికి ‘మి సెర్వె’. ఇందాకటి నొప్పి వాక్యమూ ఇదే అచ్చు. నాకు అనే మాటతో మొదలుపెట్టి ఎన్ని వాక్యాలు అనగలమో అన్నీ చేతికందేంత దూరంలో ఉన్నాయి. ఈ సంగతి చెప్పినప్పుడు మా హాల్లో ఒక అబ్బాయి, ఇంజనీరింగ్‌లో మంచి ర్యాంకు వచ్చినవాడు, ‘మేడమ్, ఇది నాకు ముందే వచ్చుగా!’ అన్నాడు. వచ్చు. ఎవరూ చెప్పలేదు.

మీరు, నువ్వు కూడా ఇక్కడున్నాయి. నువ్వుకు ‘తూ’, గౌరవానికి ‘లేయి’. వీడియోల్లో మొదటి రోజే ‘కోమె స్తాయి?’ నేర్పుతారు, అది ఎలా ఉన్నావు. ఆఫీసులో, డాక్టరు దగ్గర, ఇంటి యజమానితో ‘కోమె స్తా?’ అనాలి. ‘స్కూజా’ అంటే ఏయ్ ఇటు చూడు, ‘స్కూజి’ అంటే ఇటు చూడండి. ఇంగ్లీషులో ఈ తేడా లేదు గనుక ఇంగ్లీషు ద్వారా చెప్పేవాళ్ళు దీన్ని కాస్త పైస్థాయి పాఠాల్లోకి వాయిదా వేస్తారు. తెలుగు పిల్లలకు మొదటి రోజే చెప్పాలి. పెద్దావిడను నువ్వు అనకూడదన్న సంగతి వాళ్ళకు ఎవరూ నేర్పనక్కర్లేదు, ఏ మాట వాడాలో చెబితే చాలు. దక్షిణ ఇటలీలో కొన్నిచోట్ల పెద్దలను ఇప్పటికీ బహువచనంతో ‘వోయి’ అని పిలుస్తారు, అచ్చం మన మీరే.

తెలుగు అన్నిచోట్లా చేయందిస్తుందని నేను అనను. మనకు ఆర్టికల్స్ లేవు, ఇటాలియన్లో అరడజను పైగా ఉన్నాయి. బల్లకూ, పుస్తకానికీ ఆడా మగా తేడా ఉండటం మనకు కొత్త. మాటలో ఏ అచ్చు మీద ఊనిక పెట్టాలన్నదీ కష్టమే. అది తప్పితే ఎదుటివాళ్ళు మాటను గుర్తుపట్టరు. దీనికి నేను దీర్ఘాన్ని వాడుకుంటాను. మాట కొసను వదిలేస్తే, ఊనిక పడే అచ్చును తెలుగులో దీర్ఘంగా రాస్తాను: మిలానో, కానీ పాదొవా. పండితులు దీనికి ఒప్పుకోకపోవచ్చు. మొదటి నెల గడవడానికి ఇది చాలు, రెండో నెలలో తెలుగు రాత మానేసి వాళ్ళ లిపిలోకి వెళ్ళిపోతాం.

భాషను ఆ భాషలోనే నేర్పాలి, మధ్యలో ఇంకో భాష పెట్టకూడదు అనే వాదం ఉంది. నాకు గౌరవమున్న టీచర్లే ఆ మాట అంటారు. కానీ మన పిల్లల విషయంలో మధ్యలో భాష ఇప్పటికే ఉంది, అది ఇంగ్లీషు. ఎలాగూ ఒక మెట్టు మీద కాలు పెట్టాల్సి వచ్చినప్పుడు, దగ్గరున్న మెట్టు మీద పెట్టమంటున్నాను.

ఇంగ్లీషు అంతగా రానివాళ్ళ సంగతి అసలు ఎవరూ ఆలోచించడం లేదు. ఉద్యోగం వచ్చినవాళ్ళు పెళ్ళిచేసుకొని భార్యను తెచ్చుకుంటారు. కామారెడ్డి నుంచి అలా వచ్చిన అమ్మాయి ఒకామె మా హాలుకు వస్తుంది. డిగ్రీ దాకా తెలుగు మీడియం. భర్త ఉదయం వెళ్తే రాత్రికి వస్తాడు. ఇంట్లో ఒంటరిగా కూర్చుని ఇటాలియన్ వీడియోలు చూసేది. ఇంగ్లీషు అర్థం చేసుకోవాలి, దాంట్లోంచి ఇటాలియన్ అర్థం చేసుకోవాలి. రెండు భాషల బరువు ఒకేసారి. ‘నాకు చదువు అబ్బదు మేడమ్’ అంది మొదటి రోజు. తెలుగులో చెప్పడం మొదలుపెట్టాక ఆమె ఎవరికీ తీసిపోలేదు. ఇప్పుడు బజారుకు ఒక్కతే వెళ్తుంది, పాపను డాక్టరుకు తానే చూపించుకుంటుంది. మనవల్ని చూసుకోడానికి ఇక్కడికొచ్చే అమ్మమ్మలు, నానమ్మలు కూడా ఉన్నారు. పార్కులో పక్కన కూర్చున్న ఇటాలియన్ ముసలావిడ నవ్వుతూ ఏదో అడిగితే తామూ నవ్వి ఊరుకుంటారు. వాళ్ళకు తెలుగు వీడియో ఒక్కటే దారి.

ఇటాలియన్లు కూడా ఇటాలియన్‌ను తెర మీద చూసే నేర్చుకున్నారు. ఇది నేను మా వాళ్ళకు తప్పకుండా చెబుతాను. 1861లో ఇటలీ ఒక దేశమైనప్పుడు ఇటాలియన్ మాట్లాడగలిగినవాళ్ళు 2.5 శాతమేనని తుల్లియో దె మౌరో అనే భాషాశాస్త్రవేత్త 1963లో అచ్చయిన తన పుస్తకంలో అంచనా కట్టారు. మిగిలినవాళ్ళు ఎవరి ప్రాంతం మాట వాళ్ళు మాట్లాడేవారు: నాపొలి మాట, వెనిస్ మాట, మా తొరీనో చుట్టుపక్కల పియెమోంతె మాట. అవి ఒకరివి ఒకరికి అర్థం కానంత దూరం. 1954 జనవరి 3న ప్రభుత్వ సంస్థ రాయ్ టెలివిజన్ ప్రసారాలు మొదలయ్యాకే ఒక ఉమ్మడి మాట సామాన్యుల చెవిన రోజూ పడింది.

చదువు రాని పెద్దవాళ్ళు అప్పటికి ఇంకా లక్షల్లో ఉన్నారు. 1960 నవంబరులో అల్బెర్తో మాంజీ అనే రోమ్ బడిపంతులు టీవీలో వాళ్ళకు అక్షరాలు నేర్పడం మొదలుపెట్టాడు. కార్యక్రమం పేరుకు అర్థం, ఎన్నడూ ఆలస్యం కాదని. సాయంత్రం వేళ, పొలం నుంచీ ఫ్యాక్టరీ నుంచీ జనం ఇంటికి చేరే సమయానికి వచ్చేది. మాంజీ ఒక పెద్ద కాగితం ముందు నిలబడి, బొగ్గుముక్కతో గీతలు గీస్తూ మాట్లాడేవాడు. గీత ఎటు పోతోందో, ఏ బొమ్మ అవుతుందో అని చూసేవాళ్ళు కళ్ళు తిప్పకుండా చూసేవారు, బొమ్మ పూర్తయ్యేసరికి అందులోంచి ఒక అక్షరం వచ్చేది. 1968 దాకా సాగిన ఆ పాఠాల సాయంతో దాదాపు 15 లక్షల మంది ప్రాథమిక విద్య సర్టిఫికెట్ తెచ్చుకున్నారని లెక్క. ఆయనే 1992లో విదేశీ వలసదారులకు ఇటాలియన్ నేర్పే టీవీ పాఠాలూ చెప్పాడు. మనలాంటి వాళ్ళ కోసం ముప్పై ఏళ్ళ కిందటే ఆ పంతులు ఆలోచించాడు.

మాంజీ పాఠం వెనక ఉన్న ఏర్పాటును గమనించాలి. అప్పట్లో టీవీ అందరిళ్ళలో లేదు. ఊళ్ళలో బడిలోనో, చర్చి గదిలోనో టీవీ పెట్టారు. జనం కలిసి కూర్చుని చూసేవారు, పక్కన ఒక టీచరు ఉండి తెర ఆగిపోయాక చేయిపట్టి రాయించేవాడు. తెర పాఠం మొదలుపెట్టేది, గది పూర్తిచేసేది. ఇప్పుడు తెర జేబులోకి వచ్చింది, గది మాయమైంది. ఒక వీడియో అవగానే ఇంకోటి దానంతటదే వస్తుంది. ఓనమాల పాఠం తర్వాత పైస్థాయి పాఠం, దాని తర్వాత ఇంకేదో వంట. విన్న మాటను తిరిగి అనడానికి మధ్యలో జాగా ఉండదు, అన్నా సరిదిద్దే మనిషి ఉండడు.

మా హాల్లో ఒక మధ్యాహ్నానికి ఒకటే వీడియో. ముక్కలు చేసి చూస్తాం. ముందు సబ్‌టైటిల్స్ లేకుండా వింటారు. మళ్ళీ వింటూ ప్రతి మాట కొసా పట్టుకుంటారు. ఇంకోసారి వింటూ రాస్తారు. తర్వాత ఇద్దరిద్దరు కూర్చుని, ఒకరు గుమాస్తా, ఒకరు దరఖాస్తుదారు. ఆడపిల్లల విషయంలో ఇంకో జాగ్రత్త తీసుకుంటాను. మగ టీచరు వీడియో చూసి నేర్చుకున్న అమ్మాయి అలసిపోయాను అనడానికి ‘సోనో స్తాంకో’ అంటుంది, వచ్చాను అనడానికి ‘సోనో అర్రివాతో’ అంటుంది. తెలుగులో నేను అన్నప్పుడు ఆడా మగా తేడా లేదు, ఇటాలియన్లో ఉంది. ఆడవాళ్ళు స్తాంకా, అర్రివాతా అనాలి. అందుకే ఏ వీడియో చూసినా వాక్యాన్ని వెంటనే తమ నోటికి తగ్గట్టు తిప్పి అనిపిస్తాను.

మధ్యస్థాయికి వచ్చినవాళ్ళు అక్కడే ఆగిపోవడం నేను ఎక్కువగా చూస్తున్నాను. వాళ్ళకు పాఠాల వీడియోలు మానెయ్యమనే చెబుతాను. రోజూ టీవీలో వచ్చే వాతావరణ వార్తలు వినమంటాను. రెండు మూడు నిమిషాలు, పక్కన మ్యాపు, వాన, మంచు, గాలి, ఉత్తరం, దక్షిణం, రేపు, ఎల్లుండి. అవే మాటలు కొద్ది మార్పులతో రోజూ వస్తాయి, భవిష్యత్ కాలం దానంతటదే పట్టుబడుతుంది. దాని తర్వాత రైల్వే సమ్మె వార్తలు. ఇటలీలో అవి తరచూ వస్తాయి, వినకపోతే స్టేషన్లో నిలబడిపోతాం.

ఇంగ్లీషులో కోర్సు ఉంది కదా, భాషతో పనేముంది అని అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ వాళ్ళు చెప్పి పంపారని నా దగ్గరికి వచ్చిన పిల్లలు చాలామంది అంటారు. ఆ మాట వాళ్ళకు అన్యాయం చేస్తోంది. కోర్సు ఇంగ్లీషులో ఉంటుంది. డిగ్రీ అయ్యాక ఉద్యోగం వెతుక్కోడానికి పర్మిట్ ఇస్తారు, అప్పుడు ఎదురయ్యే ఇంటర్వ్యూల్లో చాలావరకు ఇటాలియన్లో ఉంటాయి. దీర్ఘకాల నివాస పర్మిట్‌కు ఇటాలియన్లో ఎ2 స్థాయి చూపాలి. 2018 డిసెంబరు నుంచి పౌరసత్వానికి దానికి పై మెట్టైన బి1 అడుగుతున్నారు. సియేనా, పెరూజా విదేశీయుల విశ్వవిద్యాలయాలూ, దాంతె అలిగియేరి సొసైటీ, రోమా త్రె విశ్వవిద్యాలయం ఆ పరీక్షలు పెడతాయి. ఇక్కడికొచ్చినవాళ్ళు, చిపియా అని పిలిచే ప్రభుత్వ వయోజన విద్యా కేంద్రాల్లో చేరాలని కూడా నా కోరిక. దాదాపు ఖర్చు లేకుండా టీచరుతో పాఠం దొరుకుతుంది. మొరాకో నుంచి, పెరూ నుంచి, బంగ్లాదేశ్ నుంచి వచ్చినవాళ్ళు పక్కన కూర్చుంటారు. వాళ్ళతో మాట్లాడాలంటే ఇటాలియన్ తప్ప వేరే భాష ఉండదు, అంతకన్నా మంచి సాధన ఏముంది?

ఈ వీడియోలు ఎవరు తీయాలి? ముందుగా ఇక్కడి సీనియర్లు. క్వెస్తూరా గుమ్మం ముందు తెల్లవారుజామున నిలబడినవాళ్ళకే అక్కడ ఏ మాట కావాలో తెలుసు. తర్వాత మన సిస్టర్లు, ఫాదర్లు. మనం వాళ్ళను మరిచిపోతున్నాం. గుంటూరు, ఏలూరు, నల్లగొండ, ఖమ్మం నుంచి వచ్చి రోమ్‌లోనూ చిన్న చిన్న ఊళ్ళలోనూ వృద్ధాశ్రమాల్లో, బడుల్లో ఏళ్ళ తరబడి పనిచేస్తున్న తెలుగు సిస్టర్లున్నారు. వాళ్ళు ఇటాలియన్లో వ్యాకరణం చదివారు, ముసలివాళ్ళ మంచం పక్కన కూర్చుని యాసలూ నేర్చారు. మా హాల్లో అప్పుడప్పుడు పాఠం చెప్పే సిస్టరు ఒకావిడ భాష విని ఇటాలియన్లే ఆగి చూస్తారు. ఒకప్పుడు మిలానో నుంచి పీమె అనే మిషనరీ సంస్థ ఫాదర్లు తెలుగు నేలకు వచ్చి, మన ఊళ్ళలో ఉండి తెలుగు నేర్చుకున్నారు. ఆ రాకపోకల్లో పోగైన భాషాజ్ఞానం మన మధ్యే ఉంది, దాన్ని అడగాలి.

మన కాలేజీలు ఒక గది ఇస్తే చాలు. ఇటలీ వెళ్ళబోయే పదిమంది వారానికోసారి కూర్చుని, వీడియో చూసి, నోరు విప్పి మాట్లాడుకోడానికి. పక్కన ఇటాలియన్ వచ్చిన మనిషి లేకపోయినా ఫరవాలేదు, ఇక్కడి నుంచి ఒక సీనియర్ వీడియో కాల్‌లో కూర్చుంటాడు.

మా హాల్లో మొదటి జాబితా రాసుకున్నాం. పోస్టాఫీసు కిట్, వేలిముద్రల రోజు, అద్దె ఇల్లు చూడటం, అడ్వాన్సు వెనక్కి అడగడం, డాక్టరు గదిలో చివర ఎవరని అడగడం, నొప్పి చెప్పడం, అత్యవసర నంబరు 112కు ఫోన్ చేయడం, చెత్తను ఏ రోజు ఏ డబ్బాలో వేయాలో పక్కింటివాళ్ళను అడగడం, రైలు టికెట్, సంతలో ఎత్తి లెక్క. ఒక్కోటి రెండు నిమిషాలు. తెలుగులో సందర్భం, ఇటాలియన్లో మాటలు, తెలుగు లిపిలోనూ వాళ్ళ లిపిలోనూ రాత, చివర్లో చూసేవాళ్ళు తిరిగి అనడానికి ఖాళీ. ఆడ గొంతులో ఒకసారి, మగ గొంతులో ఒకసారి. కోర్సులు సెప్టెంబరు చివర్లో మొదలవుతాయి, అంతకుముందు రెండు మూడు నెలలు మన పిల్లలు వీసా కోసం ఎదురుచూస్తూ ఇంట్లోనే ఉంటారు. జూన్‌కల్లా ఇవి వాళ్ళ ఫోన్లలో ఉండాలి. నొప్పి చెప్పే వీడియో అన్నిటికన్నా ముందు తీస్తున్నాం.